మధ్యలో ఒక కుర్చీ

తొమ్మిదీ ఇరవైకి తిన్న మూడు ఇడ్లీలు ఒంట్లో ఏ దారిన పోతున్నాయో ఈశ్వరికి తెలియదు. పదకొండూ ఇరవై అయ్యేదాకా మాత్రం వాటికి కాపలా ఉన్నట్టు ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవాలి. పొద్దున పరగడుపున తీసిన నెత్తురు ఒకటి, తిన్న రెండు గంటలకు తీసేది ఒకటి, రెండూ చూసి ఒకే కాగితం ఇస్తామని ల్యాబ్ అమ్మాయి కృపాకుమారి చెప్పింది. మోచేతి మడతలో దూది ఇంకా అంటుకునే ఉంది. గోడ మీది గడియారంలో ముల్లు పది దగ్గరికి వచ్చి ఎవరినో అడగాలన్నట్టు ఆగింది. ఒక కుర్చీ అవతల ఆమె మొగుడు తిప్పేస్వామి కూర్చున్నాడు. మధ్య కుర్చీలో సంచి ఉంది. దాన్ని అక్కడ పెట్టింది ఆయనా, తానా? తానే అయి ఉంటుంది. రెండేళ్ళుగా ఇద్దరి మధ్యా ఏదో ఒకటి పెట్టడం చేతులకు అలవాటైపోయింది. చెంబో, తట్టో, ఏదీ లేకపోతే గడపో. దేవుడా, ఎక్కువ రావాలి, అనుకుంది ఈశ్వరి. ఎదురుగా వరుసలో కూర్చున్నవాళ్ళంతా తక్కువ రావాలని మొక్కుకుంటూ ఉంటారు. తానొక్కతే ఎక్కువ రావాలని మొక్కుకుంటోంది. ఎక్కువ వస్తే అది చక్కెర జబ్బు. చక్కెరే అయితే తన ఒంటి మీది బూజు ఎక్కడినుంచో తెచ్చుకున్నది కాదు, ఎవరినీ చంపింది కాదు. ఈ మాట పైకి అంటే పిచ్చిదంటారు. అందుకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడియారం వైపు చూస్తూ కూర్చుంది.

పోయిన వారం ఒక్కతే వచ్చింది. కుందుర్పి దగ్గరి ఊరి నుంచి కళ్యాణదుర్గం, అక్కడ బస్సు మారి అనంతపురం. చర్మం డాక్టరమ్మ జయంతి తలుపు వేసి, దీపం దగ్గరికి లాగి, నడుము చుట్టూ లంగా బొందు బిగిసే చోట, తొడల సందుల్లో, రొమ్ముల కింద, చేతివేళ్ళ నడుమ తెల్లగా నాని ఊడే చోట, అన్నీ నిదానంగా చూసింది. చేతికి రబ్బరు తొడుగు ఉంది. తొడుగు మీంచే అయినా, రెండేళ్ళ తర్వాత ఇంకో మనిషి వేళ్ళు ఒంటి మీద ఆనేసరికి ఈశ్వరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నొప్పిగా ఉందా అమ్మా?" అని డాక్టరమ్మ చెయ్యి తీసేసింది. "లేదు మేడం, లేదు, మీరు చూడండి," అంది ఈశ్వరి గాభరాగా. ఆ చెయ్యి మళ్ళీ ఆనింది. పరీక్ష ఇంకాసేపు సాగితే బాగుండునని మనసులో ఎక్కడో అనిపించి, అలా అనిపించినందుకు సిగ్గుపడింది. ఊళ్ళో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు చూపిస్తే డాక్టరమ్మ దాన్ని బల్ల కింది డబ్బాలో పారేసింది. "ఇది పూసిన నాలుగు రోజులు దురద తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. లోపలి బట్టలు ఎక్కడ ఆరేస్తావు?" ఈశ్వరి తల దించుకుని చెప్పింది. స్నానాల గదిలో తాడు మీద, పైన పాత చీర కప్పి. అందరు ఆడవాళ్ళూ అట్లానే కదా. "అనంతపురం జిల్లాలో ఎండకు కూడా కరువొచ్చిందా అమ్మా?" అంది డాక్టరమ్మ. ఈశ్వరికి నవ్వు వచ్చింది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ లోంచి చూస్తే అంతా ఎండే. ఎర్రమట్టి, బండలు, వేరుశెనగ పీకేసిన చేలు, ఎండి గలగలమనే కంపచెట్లు. చెరువు అని పేరున్న చోట కూడా పగుళ్ళే. ఇంత ఎండ కింద తడిగా మిగిలింది తన నడుము చుట్టూ బెత్తెడు మేర మాత్రమే అనిపించింది.

"మందు పూసినా తిరిగి తిరిగి వస్తోందంటే ఒంట్లోనే ఏదో దానికి మేత వేస్తోందన్న మాట. దాహం ఎక్కువా? రాత్రి ఎన్నిసార్లు లేస్తావు? మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా?" మేత అన్న మాట దగ్గరే ఈశ్వరి ఆగిపోయింది, తక్కిన ప్రశ్నలకు ఏం చెప్పిందో గుర్తు లేదు. ఆమెకు తెలిసిన పని మేత వేయడమే. పదిహేడేళ్ళకు ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి పట్టుపురుగులకు ఆకు వేసింది. మల్బరీ ఆకు కోసి, తడి లేకుండా చూసి, గోరంత పురుగులకు సన్నగా తరిగి, వేలంత పురుగులకు కొమ్మలే పరిచి. పురుగులు ఎదిగే లోపల నాలుగుసార్లు మేత మాని తల పైకెత్తి కదలకుండా పడుకుంటాయి, దాన్నే జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగు ఆకలికి అంతు లేదు. షెడ్డు తలుపు మూసి నిలబడితే తట్టల నిండా నమిలే చప్పుడు, రేకుల మీద చినుకులు పడుతున్నట్టే ఉంటుంది. వాన రాని ఏళ్ళలో కూడా ఆ ఇంట్లో రోజుకు ఐదుసార్లు వాన పడేది. పెళ్ళైన మొదటి ఏడు, తిప్పేస్వామి గూడు కట్టడానికి పండిన పురుగును ఎలా గుర్తుపట్టాలో నేర్పించాడు. పురుగును ఆమె అరచేతిలో వేసి, ఆ అరచేతి కింద తన అరచెయ్యి పెట్టి, రెండు చేతులనూ కలిపి కిటికీ వెలుతురుకు ఎత్తాడు. పురుగు ఒళ్ళంతా తేనెరంగు అద్దమై లోపల వెలుగు కనబడింది. "చూడు, దీని కడుపులో ఆకు లేదు ఇప్పుడు. అంతా దారమే." ఈశ్వరి పురుగును చూడలేదు. తన చెయ్యి కింద ఉన్న చెయ్యి బరువును చూసింది. ఆ బరువు ఇప్పటికీ అరచేతి వెనక ఉంది. ఎన్ని ఏళ్ళైనా ఒక చోట చర్మం మరిచిపోనిది ఉంటుందేమో, పక్కనే ఇంకో చోట దురద పెడుతూ ఉన్నా సరే.

"పాపా, ఇంగ టీ తాగొచ్చునా?" ఎదురు వరుసలో ముసలాయన ఆదెన్న గట్టిగా అడిగాడు. పొద్దుటినుంచి ఇది మూడోసారి.

"చెప్పినాను కదా తాతా, నీళ్ళు తప్ప ఏమీ తాగొద్దని," అంది కృపాకుమారి అద్దం కిటికీ లోంచి.

"టీలో నీళ్ళు కాకుండా ఇంగేముండాది? కింద హోటలోడు పాలు చూపించి తీసేస్తాడు."

అందరూ నవ్వారు. తిప్పేస్వామి కూడా నవ్వాడు. ఆ నవ్వు పక్కనుంచి వినబడగానే ఈశ్వరి మెడ అటు తిరిగింది, కళ్ళు మాత్రం సంచి దగ్గర ఆగాయి. నవ్వినప్పుడు ఆయన ఎడమ చెంప కాస్త గుంట పడుతుంది. చూడాల్సిన పని లేదు, తెలుసు.

రెండేళ్ళ కిందట కార్తీకంలో ఆరు రోజులు విడవకుండా ముసురు పట్టింది. ఊరు ఊరంతా వాన వాన అని సంబరపడుతుంటే పురుగులున్న ఇళ్ళలో మాత్రం భయం. చలికీ తేమకూ సున్నకట్టు వస్తుంది. అది తగిలిన పురుగు ముందు కట్టెలా బిగుసుకుని, ఆ తర్వాత సున్నం ముద్దలా తెల్లబడిపోతుంది. ఈశ్వరికి అప్పటికే ఒంటి మీద తామర మొదలైంది. అత్త కదిరమ్మ అది చూసి, "ఒళ్ళు బాగయ్యేదాకా నువ్వు షెడ్డులోకి పోవద్దు మే," అంది. తప్పేమీ లేదు, అది షెడ్డు ఆచారమే. లోపలికి పోయే ప్రతివాడూ గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు తడపాలి, చేతులు కడుక్కోవాలి, వేళ్ళ సందులు కూడా ఒకటొకటిగా తుడుచుకున్నాకే ఆకు ముట్టాలి. మనిషి కంటే పురుగు సున్నితం. కానీ ఆ సాయంత్రం తిప్పేస్వామి చావుకని చిలమత్తూరు పోయి వానలో చిక్కుకున్నాడు, అత్తకు మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. పురుగులు నాలుగో జ్వరం లేచి, తలలెత్తి, అటూ ఇటూ ఆడిస్తూ ఆకు కోసం వెతుకుతున్నాయి. గోడ అవతల చప్పుడు లేదు. వాన ఆగిపోయిన ఇల్లు. ఈశ్వరి అది భరించలేకపోయింది. కాళ్ళు తడిపింది, చేతులు కడిగింది, లోపలికి పోయింది. ఆకు పరుస్తూ ఉంటే నడుము దగ్గర దురద లేచింది. ఆ దురదకు మనిషి ఉండదు, చెయ్యే ఉంటుంది. బొందు కిందికి పోయి గీరి గీరి, అదే చెయ్యి మళ్ళీ తట్టలోని ఆకు మీద పడింది. పడ్డాక చూసుకుంది. ఎవరూ చూడలేదు. తాను చూసింది. ఐదో నాటికి మొదటి పురుగు బిగుసుకుంది. మర్నాటికి తట్టకు తట్టలు తెల్లబడ్డాయి.

గుంత తీసి పూడ్చారు. తెల్లటి పురుగులు ఎర్రమట్టిలో పడుతుంటే కదిరమ్మ అంది, "నీ ఒంటి బూజే, ఇంగేంది? పోవద్దంటే పోయింటావు." ఆమెకు తెలిసి అన్నదో, ఊరికే అన్నదో. తిప్పేస్వామి పార ఆపి ఒకసారి ఈశ్వరిని చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టు మనిషి మీద పడుతుంది, పడి అయిపోతుంది. ఆయన మళ్ళీ మన్ను లాగాడు. తర్వాతి పంట వేసిన రాత్రి చాప తీసుకుని షెడ్డు పక్క గదిలోకి పోయాడు. కొత్త పంట వేసినప్పుడు కాపలాకు పడుకోవడం మామూలే కదా అనుకుంది. ఆ పంట అయిపోయినా చాప తిరిగి రాలేదు. ఆమె చెంబు ఇస్తే కింద పెట్టమని కళ్ళతో చూపించేవాడు. మాత్రలు తెచ్చి గోడ మీద పెట్టేవాడు. ఆమె తువాలు తగిలితే పోయి చేతులు కడుక్కునేవాడు. కోపంగా కాదు, ఆకు ముట్టాల్సిన చేతులని. ఆ చప్పుడు, కుళాయి విప్పిన చప్పుడు, రోజుకు ఎన్నిసార్లు వినేదో. తాను కూడా అన్నీ వదిలేసింది. ఆదివారం హాస్టల్ నుంచి వచ్చే కూతురి తల దువ్వడం కూడా. "నేనే ఏసుకుంటాలేమ్మా జడ," అని ఆ పిల్ల అద్దం ముందు వంకర పాపిడి తీసుకుంటుంటే వెనక నిలబడి వేళ్ళు ముడుచుకునేది. ఎవరూ తనను వెలివేయలేదు. తనే అందరికంటే ముందు ఒప్పుకుంది. తట్టల కొద్దీ ప్రాణాలు తీసిన చెయ్యి ఇది అని ఒప్పుకున్నాక దాన్ని ఎవరికి చాపుతుంది?

పోయిన వారం తలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగి డాక్టరమ్మను అడిగింది. "మేడం, ఇది పట్టుపురుగులకు అంటుకుంటుందా?" డాక్టరమ్మ నవ్వలేదు. "మనిషి చర్మం తినే బూజు వేరు, పురుగును తినే బూజు వేరు అమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. నీ బట్టలూ తువాలూ వేరుగా పెట్టుకో, మాత్రలు నెల వాడు. చెయ్యి పట్టుకుంటే ఏం మునిగిపోదు." అంత తేలిగ్గా అంది. అంత తేలికైన మాటను ఈశ్వరి నమ్మలేకపోయింది. రెండేళ్ళు మోసినది ఒక్క వాక్యంతో దిగుతుందా? కాగితం కావాలి. అంకె కావాలి. అందుకే పురుగుల గురించి డాక్టరమ్మ అన్న మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ముందు చక్కెర అని తేలనీ. అదే పుట్టించింది ఈ బూజును, ముసురు పుట్టించింది ఆ బూజును అని చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండనీ.

కానీ చక్కెర అంటే నాయన కాలు. నాయన గంగప్ప బొటనవేలికి చెప్పు కరిచి పుండైంది, పుండు నల్లబడింది, అనంతపురంలోనే మడమ దాకా తీసేశారు. అంతకు ఏడాది ముందే గోడ పక్క ఆయన ఒంటేలుకు పోయిన చోట చీమలు బారులు తీరేవి. అమ్మ వాటిని చూసి బూడిద చల్లేది. అది చక్కెర అని ఎవరికీ తట్టలేదు. ఈ ఆరు నెలలుగా తన స్నానాల గది మూలన కూడా చీమలు వస్తున్నాయి. ఈశ్వరి నీళ్ళు కొట్టేది, మర్నాడు మళ్ళీ వచ్చేవి. చూసి చూడనట్టు ఉండిపోయింది. అంటే తెలిసే ఉందా? తెలిసిందని తనకే చెప్పుకోలేదా? ఇప్పుడు ఆ చీమలే నిజం కావాలని, నాయన కాలు తీసిన జబ్బే తనకూ ఉండాలని ఈ కుర్చీలో కూర్చుని మొక్కుతోంది. ఒక చెయ్యి తిరిగి రావడానికి ఒక కాలు పోతే పోనీ అనుకునేంత కరువా ఇది? అవును, అంత కరువే, అంది లోపలి గొంతు. ఏ మాత్రం సిగ్గు లేకుండా అంది.

తిప్పేస్వామి జేబులో ఫోన్ మోగింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. "ఆ, మా. ఆకు ఏసినావా? తడాకు ఏయొద్దు, ఆరనీ. ఇంగా ఇయ్యలేదు కాయితం. మధ్యాన్నం దాటుతాదేమో."

ఫోన్ లోంచి కదిరమ్మ గొంతు వరండా అంతా వినబడింది. "ఆమె జబ్బేమో గానీ నా మోకాళ్ళు పోతాండాయిరా! పురుగులు నన్నే తినేట్టుండాయి. నువ్వెందుకు పోవల్ల? కాయితం ఆమె తెచ్చుకోలేదా?"

"నేను రావల్ల అనుకున్నా, వచ్చినా. పెట్టేయి," అన్నాడు తిప్పేస్వామి. ఆదెన్న ముసిముసిగా నవ్వుతూ, "మా ఇంట్లో కూడా ఇదే పాట అప్పా," అన్నాడు.

నేను రావల్ల అనుకున్నా. ఈశ్వరి ఆ మాటను రెండోసారి వింది, ఎవరూ అనకుండానే. ఈరోజు ఏ రోజు? వేళ్ళ మీద లెక్కపెట్టింది. పురుగులు నాలుగో జ్వరం లేచి మూడో రోజు. రోజుకు ఐదుసార్లు మేత. ఈ రోజుల్లో ఏ రైతూ ఊరు దాటడు. సొంత చెల్లెలి ఇంట్లో పెళ్ళైనా తాళి వేళకు వచ్చి అక్షింతలు వేసి పరుగెత్తుతాడు. రెండేళ్ళ కిందట ఇదే రోజుల్లో ఒక్క సాయంత్రం లేనందుకే కదా అంతా అయింది. అయినా నిన్న పొయ్యి దగ్గర, "ఆ డాక్టరమ్మ ఏమనింది?" అని అడిగి, "చక్కెరేమో చూడల్ల అనింది," అని ఆమె చెబితే, కాసేపు గడపలో నిలబడి, "నేనూ వస్తా," అన్నాడు. తన చెవులతో వినడానికి వస్తున్నాడేమో అనుకుంది ఈశ్వరి. ఆమె నేరాన్ని తానే వినడానికి. బస్సులో ఆమె ముందు సీటులో, ఆయన వెనక సీటులో. నాయన కాలు తీసిన రోజున ఆసుపత్రి బయట నిలబడి, ఆ కాలును గుడ్డలో చుట్టి ఇచ్చినప్పుడు ఎత్తుకుని పోయి పూడ్చి వచ్చింది ఈయనే. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టి మరిచిపోయింది? చక్కెర అన్న మాటకు ఆయన గడపలో ఎందుకు నిలబడిపోయాడో ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, తగిలింది.

పదకొండూ ఇరవైకి కృపాకుమారి పిలిచింది. సూది గుచ్చేటప్పుడు, "అటు చూడక్కా," అంది. ఈశ్వరి ఇటే చూసింది. గొట్టంలోకి ఎక్కుతున్న నెత్తురు మామూలు ఎరుపే. ఇందులో తీపి ఉందా? ఉంటే ఎక్కడ కనబడుతుంది? కాగితానికి ఇంకో అరగంట. ఆదెన్న కాగితం ముందు వచ్చింది, చూసుకుని, "టీ తాగి వస్తా పాపా," అని కిందికి దిగాడు. తిప్పేస్వామి కూడా ఎందుకో కిందికి పోయాడు. అప్పుడు కృపాకుమారి పిలిచి కిటికీ సందులోంచి కాగితం ఇచ్చింది. పరగడుపున నూట అరవై ఎనిమిది. తిన్నాక రెండు వందల తొంభై ఒకటి. "ఎక్కువుండాదక్కా. డాక్టరమ్మకు చూపించు, మాత్రలు ఇస్తుంది. మా అమ్మకు పదేండ్లనుంచి ఉండాది, బాగానే తిరుగుతాంది, భయపడొద్దు." ఈశ్వరి నవ్వింది. ఆ అమ్మాయి ఆమె ముఖంలోకి ఒక క్షణం వింతగా చూసి, తర్వాతి పేరు పిలిచింది.

మొక్కు తీరింది. కుర్చీలోకి వచ్చి కూర్చుంది. సంతోషం వస్తుందని కాసేపు చూసింది. వచ్చింది, గడప దాకా వచ్చి ఆగింది. మోకాళ్ళ కింద కాళ్ళు రెండూ బరువుగా, చల్లగా, ఇంకా తనవేనా అన్నట్టు ఉన్నాయి. ఆయన వస్తాడు. కాగితం చూపిస్తుంది. పురుగుల సంగతి కూడా చెబుతుంది, ఆ సాయంత్రం సంగతి, గీరిన చెయ్యి సంగతి, డాక్టరమ్మ మాట. ఆయన అంతా వింటాడు, తల ఊపుతాడు, ఆ తర్వాత చెయ్యి చాపుతాడు. చాపుతాడు, తప్పకుండా చాపుతాడు. కానీ ఆ చెయ్యి వచ్చేది ఎవరి కోసం? ఈ అంకె కోసం. రేపు అంకె మారితే? రెండేళ్ళు ఎదురుచూసింది నిర్దోషి అనిపించుకోవడానికా? కాదు, కాదు. దోషిగా ఉన్నప్పుడే, ఇంకా ఏమీ తేలకముందే, ఒక్కసారి ఆ చెయ్యి రావాలి. ఈశ్వరి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

తిప్పేస్వామి మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఆమె కోసం మజ్జిగ ప్యాకెట్ ఉంది. అలవాటు ప్రకారం దాన్ని మధ్య కుర్చీలో సంచి పక్కన పెట్టాడు. "ఏమనిరి?"

"చెప్తా," అంది ఈశ్వరి. "కాళ్ళు పట్టుకున్నాయి, లేయలేకపోతాండా. చెయ్యి ఇయ్యి మామా."

కుడి చెయ్యి చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పొట్టు లేచి, కిటికీ వెలుతురులో దాచడానికి వీల్లేకుండా ఉంది. ఆయన ఆ చేతిని చూశాడు. జేబులో ఫోన్ మళ్ళీ మోగింది, మోగి మోగి ఆగిపోయింది. ఊళ్ళో పురుగులు తలలెత్తి ఉంటాయి. ఇంకో గంటలో మేత వేళ. ఆయన చెయ్యి ఇవాళ సాయంత్రం ఆకు ముట్టాల్సిన చెయ్యి అని ఇద్దరికీ తెలుసు. ఈశ్వరి తన చెయ్యిని వెనక్కి తీసుకోలేదు. భుజం నొప్పి పుడుతున్నా అలాగే ఉంచింది.

తిప్పేస్వామి కుర్చీలోని సంచిని తీసి కింద పెట్టాడు. భుజం మీది తువాలు అందుకున్నాడు. మజ్జిగ ప్యాకెట్ తడిని తన కుడి అరచేతి మీంచి తుడిచాడు, తర్వాత చేతి వెనక, తర్వాత వేళ్ళ సందులు ఒకటొకటిగా, తొందర లేకుండా, షెడ్డు గుమ్మంలో నిలబడి లోపలికి పోయే ముందు తుడుచుకున్నట్టు తుడుచుకుని, అప్పుడు ఆ చేతిని ఆమె చేతి కింద పెట్టాడు.